లేవనివ్వని కుర్చీ

ముందే చెప్పుకుంటున్నాను, నా రాతలో తప్పులుంటాయి. అక్షరాలు నా చేతికి యాభై దాటాక వచ్చాయి. ఏది పొట్టి, ఏది పొడుగు అన్న అనుమానం ఇప్పటికీ వదల్లేదు. ఒక పేజీ నింపేలోగా ఒక సంచి కుట్టి, దానికి జిప్పు కూడా వేసేయగలను. చదివేవాళ్లు కాస్త నా నడకకు తగ్గట్టు నడవండి.

మా బావగారిది బయట తిరిగేవాళ్లకు సామాను అమ్మే దుకాణం. గుడారాలు, వీపు సంచులు, మడత కుర్చీలు. ఆయన తమ్ముడు మా ఆయన. సామాను బండి నడిపేవాడు. నేను ఆయనకు రెండో పెళ్లాన్ని. మొదటావిడ పోతే ఆ ఖాళీలోకి నన్ను తెచ్చారు. అందుకని మా అత్తగారు నాకు ‘అతుకు’ అని పేరు పెట్టింది. అతుకూ నీళ్లు తే, అతుకూ తలుపెయ్యి. మా ఆయన పోయాడు గాని ఆ పేరు పోలేదు. దుకాణానికి వచ్చేవాళ్లు కూడా, నా అసలు పేరు అదే అనుకుని, “అతుకుగారూ” అని మర్యాదగా పిలిచేవాళ్లు.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున ముందు గదిలో ఒక కుర్చీ కనిపిస్తే కూర్చున్నాను. ప్రయాణం చేసి వచ్చాను, కాళ్లు లాగుతున్నాయి. మా అత్తగారు లోపల్నుంచి వచ్చి నన్ను పైనుంచి కింద దాకా చూసింది. “లే” అంది. అంతే. తిట్టలేదు, అరవలేదు. నేను లేచాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ ముందు నేను కుర్చీలో కూర్చోలేదు. కుట్టు మిషను దగ్గర మాత్రం స్టూలు ఉండేది. స్టూలుకి వీపు లేదు కాబట్టి అది కుర్చీ కింద లెక్కకు రాదని ఆవిడే తేల్చింది.

నేను కుట్టేది మాత్రం కుర్చీలే.

ఆ కుర్చీలు మీరు చూసే ఉంటారు. విప్పితే గుడ్డ, కొన్ని అల్యూమినియం కమ్మీలు. కమ్మీల లోపల సాగే తాడు ఉంటుంది. విదిలిస్తే కమ్మీలు వాటంతట అవే ఒకదానిలో ఒకటి దూరి నిలబడతాయి. గుడ్డకు నాలుగు మూలలా జేబులుంటాయి, ఆ జేబుల్లోకి కమ్మీల కొనలు దోపితే కుర్చీ అయిపోతుంది. మళ్లీ మడిస్తే చంకలో పెట్టుకుని పోవచ్చు. అంత తేలిక. ఆ తేలికతోనే తంటా కూడా. ఇసుకలో కాళ్లు దిగబడిపోతాయి. గాలి వస్తే ఖాళీ కుర్చీ ఎగిరిపోతుంది. వీపు ఆనేది నడుము దాకానే, తల వేలాడిపోతుంది.

వీటన్నిటికీ నా దగ్గర మందు ఉండేది. పాత లారీ ట్యూబు గుండ్రంగా కోసి కుర్చీ కాళ్లకు చెప్పుల్లా తొడిగేదాన్ని, ఇసుకలో దిగకుండా. సీటు కింద చిన్న సంచి వేలాడదీసి, అందులో రాయి వేసుకోమనేదాన్ని, గాలికి ఎగరకుండా. చేపలు పట్టే ఆయనకు గాలపు కర్ర నిలబడేలా పక్కన గొట్టం కుట్టాను. బొమ్మలు వేసే ఒకాయనకు కుడి చేతి వైపు పట్టీ తీసేసి, చెయ్యి ఆడేలా చేశాను. పొడుగు మనుషుల కోసం కుర్చీ కాళ్లకు గొట్టం ముక్కలు తొడిగి ఎత్తు పెంచాను. కుట్టాక గట్టిదనం చూడాలి కదా. అందరూ కూర్చుని చూస్తారు. నేను ఇసుక మూట వేసి చూసేదాన్ని. మా అత్తగారు పక్క గదిలోనే ఉండేది మరి.

సెలవు రోజుల్లో ఊరంతా ఏటి ఒడ్డుకు వచ్చేది. మా బావగారు అక్కడ ఒక గుడారం వేసి దుకాణం పెట్టేవాడు. మా అత్తగారిని కూడా తీసుకెళ్లేవాడు, తల్లి మీద ప్రేమతో కాదు. ఆవిడ మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. తలుపులో నిలబడితే వెలుతురు ఆగిపోయేది. ఆవిడను ఒక చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన కర్ర పాతి ఒక బోర్డు కట్టాడు. ‘ఈ అమ్మనే మోస్తోంది. మిమ్మల్ని మోయదా?’ దారిన పోయేవాళ్లు బోర్డు చదవడం, ఆవిడను చూడడం, నవ్వుకుంటూ గుడారంలోకి రావడం. ఆవిడకు చదువు రాదు. కొడుకు చదివి చెప్పాడు. చిన్నబుచ్చుకుంటుందేమో అనుకున్నాను. లేదు, మురిసిపోయింది. “నా ఒళ్లు చూసే కదరా నీ వ్యాపారం” అనేది.

చిక్కల్లా ఆవిడ నోటితో. ఎవరైనా దగ్గరకొచ్చి “ఏమ్మా, గట్టిగా ఉంటుందా?” అని అడిగితే, “నాది ఉంటుంది బాబూ. నాకు రెండు పొరలేసి కుట్టించాడు మావాడు. నీకిచ్చేది ఒంటి పొర. నీ పొట్ట చూస్తే ఈ వేసవి దాటేట్టు లేదు” అనేది. అక్కడితో ఆగేదా? లేచి, మోకాళ్లు పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ గుడారం దాకా వచ్చేది. బేరం అవుతున్న చోట చేరేది. ఒకసారి ఒక కుర్రజంట కుర్చీలు చూస్తుంటే, “ఆ కమ్మీ వంగిపోతే మోకాలికేసి సరిచేశాడు నాయనా, కొత్తదంటాడు, నమ్మకండి” అంది. అన్నది నిజమే. ఆవిడ ఎప్పుడూ అబద్ధం చెప్పేది కాదు. ఎవరికి ఎక్కడ తగులుతుందో చూసి, అక్కడ నిజం చెప్పేది. అంతే.

ఆ రోజు ఇంటికి రాగానే బావగారు నా మిషను దగ్గరికి వచ్చాడు. వెనకే మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ.

“ఏమ్మా, అమ్మకి వేరే కుర్చీ కుట్టాలి. లోతుగా ఉండాలి. మనిషి లోపలికి దిగిపోవాలి.”

“అంత లోతైతే మోకాళ్లు పైకొస్తాయి బావగారూ. ఆవిడ మోకాళ్లతో లేవడం కష్టం.”

“నేను చెప్పేదీ అదే.”

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. మిషను ఆపి ఆయన మొహం చూశాను.

“నోటికి తాళం వేయలేకపోతున్నాం” అన్నాడు. “కాళ్లకైనా వేద్దాం.”

అక్క కిసుక్కున నవ్వింది. “మంచి పూల గుడ్డ వెయ్యవే. గ్లాసు పెట్టుకోవడానికి జేబు కూడా పెట్టు. ముసలావిడ సంబరపడిపోతుంది.”

కుట్టాను. ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య జానెడు గుడ్డ ఎక్కువ వదిలాను. ముందు కమ్మీ పైకి ఉండేలా జేబులు మార్చాను. వెనక కాళ్లు కురచ చేశాను. పూల గుడ్డ వేశాను, గ్లాసుకి జేబు పెట్టాను, తల ఆనించుకోవడానికి చిన్న దిండు కూడా కుట్టాను. నాకు ఆ పని కష్టంగా ఏమీ అనిపించలేదు. చేతులు హుషారుగా ఆడాయి. లేచి నిలబడమని నాకు చెప్పిన మనిషి ఇక లేవలేదన్న మాట తలుచుకుంటే, పాట పాడాలనిపించింది. పాటలు రావు కాబట్టి ఊరుకున్నాను.

తర్వాతి సెలవుకి ఏటి ఒడ్డున ఆ కుర్చీ విప్పి, బోర్డు పక్కన వేశాం. ఈసారి బోర్డును గుడారానికి దూరంగా, దారి పక్కన పాతాడు బావగారు. అక్కడినుంచి ఎంత అరిచినా గాలికి మాట ఇటు రాదు.

“నీ కోసమే ప్రత్యేకంగా చేయించానమ్మా.”

“పూల కుర్చీ! సింహాసనం లాగుంది రా” అని ఆవిడ కూర్చుంది. కూర్చోవడం కాదు, దిగింది. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. చూసేవాళ్లకు పెద్ద పూల మూటలో తల పెట్టినట్టుంది. బావగారు వెళ్లిపోగానే ఆవిడ రెండు చేతులూ పక్క పట్టీల మీద ఆనించి నొక్కింది. పట్టీలు మెత్తనివి, కిందికి పోయాయి. ముందుకు వంగింది. పొట్ట తొడలకు అడ్డం పడింది. ఇంకోసారి ప్రయత్నించింది. మొహం ఎర్రబడింది. అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. నేను కుర్చీ కింద రాళ్ల సంచి సర్దుతున్నాను.

“నువ్వే కదూ కుట్టావు?”

“నేనే అత్తయ్యా.”

దారిన ఎవరో బోర్డు చదివి నవ్వుతూ పోయారు.

“బాగుంది” అంది. “లేవబుద్ధే కావట్లేదు.”

లేవలేకపోతున్నాను అన్న మాట ఆ రోజంతా ఆవిడ నోట రాలేదు. సాయంత్రం బావగారూ అక్కా చెరో చెయ్యీ పట్టుకుని, బావిలోంచి బిందె తీసినట్టు పైకి లాగారు. “అబ్బ, ఏం తింటావే తల్లీ” అని అక్క నవ్వింది. ఆవిడ చీర దులుపుకుంటూ, “నువ్వు వండిపెట్టేది చూస్తే ఇంత ఒళ్లు ఎలా నిలిచిందో నాకే తెలియడం లేదు” అంది. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అలా కొన్ని సెలవులు గడిచాయి. కుర్చీలు బాగా పోతున్నాయి. బావగారు ఈల వేసుకుంటూ తిరిగేవాడు. కాని ఆవిడ కుర్చీలో ఊరికే కూర్చోలేదు, దాని లెక్క చూసుకుంటూ కూర్చుంది. ముందుకు లేవలేదు కదా. పక్కకు? ఒక రోజు మేం గుడారంలో ఉండగా ఆవిడ బరువంతా ఒక పక్కకు వేసి ఊగింది. తేలిక కుర్చీ, ఆ బరువుకి ఒక్కసారి ఒరిగిపోయింది. ఆవిడ ఇసుకలో దొర్లింది. చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ బోర్డు కర్ర దాకా వచ్చి, దాన్ని పట్టుకుని లేచి నిలబడింది. మొహాన ఇసుక, జుట్టులో ఇసుక. నవ్వుతోంది. అలాగే నవ్వుతూ గుడారంలోకి వచ్చి, కుర్చీ కొంటున్న ఒక మాస్టారితో, “కాళ్లకు తొడిగిన రబ్బరు లారీ ట్యూబు బాబూ. అది కొత్త సరుకని నీకు చెప్పి ఉంటాడు” అంది.

మాస్టారు కుర్చీ కింద పెట్టేశాడు.

బావగారు పళ్లు నూరుకున్నాడు గాని జనం ముందు తిట్టలేదు. “అయ్యో అమ్మా, పడ్డావా? దెబ్బ తగిలిందా?” అన్నాడు. ఇంటికొచ్చాక నాతో అన్నాడు. “ఒరిగిపోతోంది కదా. నడుముకు పట్టీ పెట్టు. పడకుండా, జాగ్రత్త కోసం. బకిల్ వెనక ఉండాలి.”

“వెనక పెడితే ఆవిడ చెయ్యి అందదు.”

“అతుకూ, నువ్వు బాగా కుడతావు. మాట్లాడితేనే బాగుండదు.”

పట్టీ కుట్టాను. వెడల్పు పట్టీ, వెనక బకిల్. అయితే కుట్టేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఎంత బిగించి కుట్టినా, రేపు విప్పాల్సి వస్తే ఎక్కడినుంచి విప్పాలో ఒక చోటు ఉంచుకుంటాం. నేను ఆ పట్టీని సీటుకు కలిపే చోట నైలాన్ దారం వేయలేదు. నల్ల నూలు దారం వేశాను, ఒకే వరస. చూడ్డానికి తేడా తెలియదు. మెల్లగా లాగితే ఆగుతుంది. రెండు చేతులా బలంగా ముందుకు గుంజితే తెగుతుంది. ఆవిడ చేతుల్లో బలం ఉంది. ఎందుకు అలా చేశానంటే నేను చెప్పలేను. ఆవిడ మీద జాలి కాదు. ఇసుకలో పాకుతూ వచ్చి నవ్విన ఆ మొహం నా కళ్లలోంచి పోలేదు.

ఏటి ఒడ్డున పట్టీ బిగించేటప్పుడు ఆవిడ చెవి దగ్గర చెప్పాను.

“అత్తయ్యా, ఇది నూలు దారం. గట్టిగా గుంజితే ఊడిపోతుంది. ఎవరూ చూడనప్పుడు గుంజండి. ఇంటికెళ్లాక మళ్లీ కుట్టి పెడతాను, బావగారికి తెలియదు.”

ఆవిడ నా వైపు తిరగలేదు.

“నేను అడిగానా నిన్ను?”

“లేదు.”

“మరి ఎందుకు చేశావే?”

“ఊరికే.”

“నీ దారం తెంపుకుని నేను బయటపడాలా? అంత ఖర్మ నాకు పట్టలేదు. అవతలికి పో.”

అనుకున్నాను, మాటకు అలా అంటుంది గాని పని పడితే గుంజుతుందిలే అని. గుంజలేదు. ఆ రోజూ గుంజలేదు, తర్వాతి సెలవుకీ గుంజలేదు. మధ్యాహ్నం తిండి వేళకు అక్క వెళ్లి బకిల్ విప్పి, చెట్ల చాటుకు తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి కట్టేది. ఒక రోజు జనం ఎక్కువై అక్క మరిచిపోయింది. నేను గుడారం చిరిగితే నిచ్చెనెక్కి కుడుతున్నాను. పైనుంచి ఆవిడ నాకు కనబడుతోంది. చెయ్యి ఎత్తి ఊపింది. గాలికి మాట రాలేదు. నేను కింద ఉన్న అక్కకు చెప్పాను. “ఊపనీ, ఈగలు తోలుకుంటోంది” అంది. నేను ఆవిడ వైపే చూస్తూ, రెండు చేతులతో గుంజినట్టు చేసి చూపించాను. ఆవిడకు అర్థమైంది. నాకు తెలుసు అర్థమైందని. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

అక్క వెళ్లేసరికి పూల గుడ్డ తడిసిపోయి ఉంది. సీటు లోతైనది కదా, ఎటూ పోక అందులోనే నిలిచింది.

“ఛీ ఛీ! ఇంత మనిషివి, చెప్పలేవూ?” అక్క ముక్కు మూసుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒక పిల్ల బోర్డు పైకి చదివింది, వాళ్లమ్మ ఆ పిల్లను లాక్కుపోయింది. “గ్లాసుకి జేబు పెట్టించాం గాని, దీనికి కూడా ఒకటి పెట్టించాల్సింది” అని అక్క అంటే బావగారు కూడా నవ్వాడు. మా అత్తగారు ఏటి వైపు చూస్తూ నిలబడింది. ఆ చీర ఏట్లో నేనే ఉతికాను. నేను ఉతుకుతున్నంతసేపూ ఆవిడ, గుడారం గుడ్డ చుట్టుకుని, నా వెనకే నిలబడి ఉంది.

“నూలు దారమన్నావు కదూ” అంది.

“అవును అత్తయ్యా.”

“ఇంకా అదే ఉందా?”

“అదే ఉంది.”

“సరే” అంది.

నాకు సంతోషమేసింది. ఈసారి గుంజుతుంది అనుకున్నాను. గుంజింది కూడా.

తర్వాతి సెలవుకి ఒక పెద్ద బేరం వచ్చింది. మనుషుల్ని గుంపులుగా కొండలకూ అడవులకూ తిప్పి తెచ్చే ఏజెంటు. తన గుంపులన్నిటికీ కుర్చీలు కావాలన్నాడు. బావగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి తీసుకెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు, కుట్టింది చూపించడానికి.

“మా అమ్మ. చూడండి ఎంత హాయిగా కూర్చుందో. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవదు.”

“అదృష్టవంతురాలు” అన్నాడు ఏజెంటు. “ఏమ్మా, బాగుందా?”

ఆవిడ ఆయన్ని చూసి నవ్వింది. చక్కగా, పళ్లన్నీ కనబడేలా. తర్వాత పట్టీని రెండు చేతులా పట్టుకుని గుంజింది. పర్రుమంది. కుర్చీ ఒరిగింది, ఆవిడ దొర్లింది, చెయ్యి చాపి దొరికినదాన్ని పట్టుకుంది. దొరికింది ఏజెంటుగారి ప్యాంటు జేబు. ఆయన అయ్యో అయ్యో అంటూ వెనక్కి పోతుంటే, ఆ జేబు ఆసరాతోనే లేచి నిలబడింది.

“చూశారా బాబూ వీళ్ల పనితనం? ముసలిదాన్ని, నేను లాగితేనే ఊడొచ్చింది. ఇందులో మీ జనాన్ని కూర్చోబెట్టుకుంటారా?”

ఏజెంటు చిరిగిన జేబు చూసుకున్నాడు, తెగిన పట్టీ చూశాడు. మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. అలా చెప్పినవాళ్లు ఎవరు వచ్చారు?

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కుట్టు పాతబడి తెగిందని నేను సర్దుకునేదాన్ని. బావగారు కూడా అదే అనుకుని, “ఏం కుట్టావు నువ్వు?” అని నా మీద అరవబోతున్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“నా బలం అనుకుంటున్నావేమిట్రా పెద్దోడా? దానికి నూలు దారం వేసింది నీ అతుకు. కావాలని వేసింది. గుంజమని నా చెవిలో చెప్పింది కూడా. నీ ఇంట్లో తింటూ నీకే ఎసరు పెట్టింది. అడుగు, కాదంటుందేమో.”

బావగారు అడగలేదు. తెగిన కొన తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. నూలు పోగు మెత్తగా విడిపోయింది. ఆయనకు దారాల సంగతి తెలుసు.

“కత్తెర ఇలా ఇవ్వు” అన్నాడు.

ఇచ్చాను.

“ఇంక మిషను వైపు రావద్దు. ఇంటికీ రావద్దు. నీ బట్టలు మీ అక్క పంపిస్తుంది.”

నేను మా అత్తగారిని చూశాను. ఆవిడ తన రెండు కాళ్ల మీద తను నిలబడి, చీరకంటిన ఇసుక దులుపుకుంటోంది. ఇంత మంది ముందు లేచింది, ఎవరి దయా లేకుండా లేచింది. నా దయ ఏదైనా ఉంటే దాన్ని అప్పటికప్పుడే చెల్లగొట్టేసింది. అలాంటి సంతోషం ఆ మొహంలో నేను అంతకుముందు చూడలేదు.

“చూస్తావేం? పో” అంది. “కొంప ముంచే తెలివి ఉంది గాని, నీకు నోరు మూసుకునే తెలివి లేదు. నాకెందుకు చెప్పావే?”

నేను వచ్చేశాను. సంచులు బాగుచేసే ఒకాయన దగ్గర పనికి కుదిరాను. ఆ వీధిలోనే సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పే పంతులమ్మ ఉంది, ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దాను. ఈ సంగతి చెబితే పంతులమ్మ, “ఆవిడ నిన్ను ఆ ఇంట్లోంచి బయటపడేయడానికే అలా చేసి ఉంటుంది. నీ మంచికే” అంటుంది. చదువుకున్నవాళ్లకు మనుషుల్లో మంచి వెతకడం అలవాటు. కాదు. ఆవిడ సంగతి నాకు తెలుసు. నాకు రుణపడి లేవడం కంటే, నన్ను పడేసి లేవడం ఆవిడకు హాయి. అంతే.

అయితే ఆవిడ ఒకటి మరిచిపోయింది. ఆ ఇంట్లో నూలు దారం వేసేది నేను ఒక్కదాన్నే.

మొన్న వేసవిలో పంతులమ్మ మా ఆడవాళ్లందరినీ ఏటి ఒడ్డుకు తీసుకెళ్లింది. బస్సు దిగి నడుస్తుంటే దారి పక్కన బోర్డు కనబడింది. ఈసారి నేనే చదివాను, కూడబలుక్కుంటూ, పైకి. ‘ఈ అమ్మనే మోస్తోంది. మిమ్మల్ని మోయదా?’ పక్కన కుర్చీ. పూల గుడ్డ వెలిసిపోయింది. అందులో మా అత్తగారు ఉంది. ఒళ్లంతా కరిగిపోయింది. గుడ్డ పెద్దగా కిందికి కూడా దిగలేదు. బోర్డులోని మాట చూసి ఎవరూ నవ్వడం లేదు, ఎందుకు రాశారో తెలియక ఒకసారి చూసి పోతున్నారు.

మిగతావాళ్లను వెళ్లమని నేను ఆగాను.

“వచ్చావా అతుకూ” అంది.

“వచ్చాను అత్తయ్యా.”

“ఈ కుట్టు చూశావా? కొత్త దర్జీ వేశాడు. నీలాంటి పని కాదు.”

వంగి చూశాను. నల్ల నైలాన్, దళసరి దారం. చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో అడ్డంగా, మళ్లీ అడ్డంగా. రెండు పక్కలా అంతే. వేలు పెట్టి నొక్కి చూశాను. ఎక్కడా విప్పుకునే చోటు వదల్లేదు. నిజంగానే మంచి కుట్టు.

“కూర్చున్న ప్రతిసారీ గుంజుతున్నా” అంది, గొప్పగా. “ఒక్క పోగు కదిలితే ఒట్టు.”

కుట్లు విప్పే చిన్న కత్తి ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. తీశాను. ఆవిడ కళ్లు దాని మీద పడ్డాయి.

“కొయ్యనా?”

“కోస్తే పెద్దోణ్ణి పిలుస్తా.”

“పిలుస్తారు. నాకు తెలుసు.”

“తెలిసి ఎందుకడుగుతున్నావు?”

“ఒక్కసారి కొయ్యవే అంటారేమోనని.”

“అనను.” కళ్లు మాత్రం కత్తిని వదల్లేదు. పెదవులు కదిలాయి. ఏటి మీదనుంచి గాలి వచ్చి గుడ్డను పటపటలాడించింది. “అనను” అని మళ్లీ అంది.

కత్తి సంచిలో పెట్టేశాను. దారి పక్కన చూపించడానికి వేసిన కుర్చీల్లో ఒకటి తెచ్చి, ఆవిడ ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. వీపు ఆనించాను, కాళ్లు చాపాను. ఇన్నేళ్లు కుట్టాను గాని, అందులో మనిషికి ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. బాగుంటుంది.

ఆవిడ మొహం బిగుసుకుంది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

“లే” అంది.

లేచాను. పక్క పట్టీల మీద చేతులు ఆనించలేదు. ఆవిడకు నా మోకాళ్లు కనబడేలా చీర కాస్త పైకి పట్టి, నెమ్మదిగా లేచి నిలబడ్డాను. ఆవిడ నా మోకాళ్లనే చూసింది. తనకు తెలియకుండానే తన చేతులు పక్క పట్టీల మీద నొక్కాయి.

నేను మళ్లీ కూర్చున్నాను.

“ఇంకోసారి చెప్పండి అత్తయ్యా” అన్నాను.

ఆవిడ చెప్పలేదు. తల ఏటి వైపు తిప్పుకుంది. నేను అలాగే కూర్చున్నాను. గుడారంలోంచి బావగారు మమ్మల్ని చూసి నిలబడ్డాడు గాని, దగ్గరికి రాలేదు. నీళ్లలో కాళ్లు తడుపుకుంటున్న మావాళ్లు నన్ను చెయ్యి ఊపి పిలిచారు. వాళ్లు రెండోసారి పిలిచాక, నా అంతట నేనే లేచాను.

అతుకు,
అరవై మూడేళ్లు,
సంచులు బాగుచేసే దుకాణం పైన, వీధి వైపు గది.